తర్షీషు ఓడలు అనగానేమి?



రోడ్డు ప్రక్క చెట్టుక్రింద బస్సుకొరకు కనిపెట్టుకొని యుండువారి మాటలు మీరు వినియుందురు. “బందరు బస్సు వచ్చిందా?” అని ఒకరు అడుగుదురు. “బందరు బస్సు చెడిపోయి షెడ్డులో ఉన్నదట” అని మరియొకరు చెప్పుదురు. షెడ్డులో నిలిచియున్న బస్సు బందరునకు పోవుట లేదు. అయినను దాని పేరు బందరు బస్సే. ఒకనాడు పెండ్లివారు దానిని బాడుగకు తీసికొని వేరొక ఊరికి పోయినయెడల, చూచినవారు “బందరు బస్సు ఈ దారిని పోవుచున్నదేమి?” అందురు గాని దాని పేరు మార్చరు. పోవు ఊరి పేరే బండికి పేరైనది. ఈ చిన్న సంగతిని మనస్సులో ఉంచుకొనుడి. పరిశుద్ధ గ్రంథములోని ఒక పాత మాటను గ్రహించుటకు ఇది మనకు తోడ్పడును.

ఆ మాట “తర్షీషు ఓడలు” అనునది.

కొంతకాలము క్రిందట ఒక గ్రామ సంఘములో బైబిలు తరగతి ముగిసిన పిమ్మట ఒక యౌవనస్థుడు నాయొద్దకు వచ్చెను. తన బైబిలులో రెండు చోట్ల వ్రేళ్లు పెట్టి పట్టుకొని యుండెను. “అయ్యగారూ, రాజుల మొదటి గ్రంథము 22వ అధ్యాయములో యెహోషాపాతు రాజు ఓఫీరునకు పోవుటకు తర్షీషు ఓడలు కట్టించెనని యున్నది. దినవృత్తాంతముల రెండవ గ్రంథము 20వ అధ్యాయములో ఆ ఓడలు తర్షీషునకే పోవలసినవని యున్నది. ఓడలు కట్టిన రేవు చూడబోతే ఎఱ్ఱ సముద్రము ప్రక్కది. తర్షీషు పడమటి సముద్రమున నున్నదని మీరే చెప్పితిరి. ఏది నిజమండి? నాతో పనిచేయువాడొకడు ఈ రెండును చూపి నన్ను నలుగురిలో ఎగతాళి చేసెను. నేను బదులు చెప్పలేకపోతిని” అనెను.

అతని ముఖములో సిగ్గుతోపాటు భయము కూడ కనబడెను. తాను నమ్మిన గ్రంథము ఒక ఓడ పేరు దగ్గర తొట్రిల్లునేమో యని అతని భయము. అటువంటి ప్రశ్న మీలో అనేకులకు కలిగియుండవచ్చును. ఆ రాత్రి అతనికి క్లుప్తముగా చెప్పినదానిని ఇక్కడ విపులముగా వ్రాయుచున్నాను.

ఈ మాట ఎక్కడెక్కడ వచ్చును?

తర్షీషు అను పేరు మొట్టమొదట ఆదికాండము 10వ అధ్యాయములో యావాను కుమారులలో ఒకని పేరుగా కనబడును. తరువాత అది ఒక దూరదేశపు పేరుగా వచ్చును. యెహెజ్కేలు ప్రవక్త తూరు పట్టణపు వర్తకమును వర్ణించుచు తర్షీషునుండి వెండి, ఇనుము, తగరము, సీసము వచ్చుచుండెనని చెప్పెను. యిర్మీయా తర్షీషు వెండి రేకులను పేర్కొనెను. యోనా నీనెవెకు పొమ్మని ఆజ్ఞ పొంది, యొప్పే రేవునకు దిగి, కేవు ఇచ్చి, తర్షీషునకు పోవు ఓడ ఎక్కెను. నిర్గమకాండములో ప్రధాన యాజకుని పతకమందు పొదిగిన రాళ్లలో ఒకదానికి కూడ హెబ్రీ భాషలో తర్షీషు అనియే పేరు.

ఇక “తర్షీషు ఓడలు” అను మాట వేరు. అది సొలొమోను చరిత్రలోను, యెహోషాపాతు చరిత్రలోను, 48వ కీర్తనలోను, యెషయా గ్రంథములో 2, 23, 60 అధ్యాయములలోను, యెహెజ్కేలు 27వ అధ్యాయములోను వచ్చును. హెబ్రీలో దీనిని “ఒనియ్యోత్ తర్షీష్” అందురు. “ఒనియ్యా” అనగా ఓడ. కాబట్టి మాటకు మాటగా చెప్పినయెడల “తర్షీషు యొక్క ఓడలు” అని అర్థము. తర్షీషువారివా? తర్షీషునకు పోవునవా? తర్షీషులో చేసినవా? మాట మాత్రము చూచి దీనిని తేల్చలేము. చరిత్రను అడుగవలెను.

తర్షీషు ఎక్కడ?

పూర్వులు దీనిని గూర్చి పలువిధములుగా తలంచిరి. మొదటి శతాబ్దపు యూదా చరిత్రకారుడైన జోసీఫసు, తర్షీషనగా కిలికియలోని తార్సు పట్టణమని వ్రాసెను. తార్సు అపొస్తలుడైన పౌలు పుట్టిన ఊరు గనుక ఈ మాట మన చెవికి ఇంపుగానే యుండును. కాని తార్సు యొప్పేకు అంత దూరము కాదు. దేవుని సన్నిధినుండి పారిపోదలచినవాడు అంత దగ్గర ఊరికి పోవునా? దీనికి పూర్వమే ఐగుప్తులోని యూదులు పాత నిబంధనను గ్రీకు భాషలోనికి తర్జుమా చేసినప్పుడు, యెషయా 23వ అధ్యాయములోని తర్షీషును కార్తేజు అని వ్రాసిరి. కార్తేజు ఆఫ్రికా ఉత్తరపు ఒడ్డున తూరువారు నెలకొల్పిన పట్టణము. అదే తర్జుమాలో యెషయా 2వ అధ్యాయమున తర్షీషు ఓడలను “సముద్రపు ఓడలు” అని మాత్రమే వ్రాసిరి. అనగా ఆ కాలపు పండితులకే ఈ మాట పూర్తిగా తేటపడలేదన్నమాట.

ఇప్పుడు పండితులలో అనేకులు తర్షీషు స్పెయిను దేశపు దక్షిణ భాగమని తలంచుచున్నారు. గ్రీకులు ఆ ప్రాంతమును తార్తెస్సోసు అని పిలిచిరి. అక్కడ గ్వాదల్కివీరు అను పెద్ద నది అట్లాంటిక్ సముద్రములో కలియును. దానికి పడమట రియో తింతో అను నది కలదు. లోహములు కరగియుండుటచేత దాని నీరు ఎఱ్ఱగా నుండును. ఆ కొండలలో వెండి గనులు ఎన్నో శతాబ్దములు పనిచేసినవి. యొప్పేనుండి అక్కడికి ఓడదారి దాదాపు 4,000 కిలోమీటర్లు. నీనెవె తూర్పుదిక్కున మెట్టదారిని పోవలసిన పట్టణము. తర్షీషు పడమట సముద్రపు కొసన నున్న ఒడ్డు. యోనా ఎంత దూరము పారిపోదలచెనో దీనినిబట్టి చూడుడి.

గ్రీకు చరిత్రకారుడైన హెరొడోటసు క్రీ.పూ. 5వ శతాబ్దములో ఒక సంగతి వ్రాసెను. సామోసు ద్వీపమువాడైన కోలాయోసు అను ఓడ యజమానుడు ఐగుప్తునకు పోవుచుండగా తూర్పుగాలి విడువక వీచి అతని ఓడను పడమటికి కొట్టుకొనిపోయెనట. చివరకు అది మధ్యధరా సముద్రపు జలసంధిని కూడ దాటి తార్తెస్సోసు చేరెను. అక్కడ సరకులమ్మగా మునుపెన్నడును గ్రీకులకు రానంత లాభము అతనికి వచ్చెను. సామోసువారు ఆ లాభములో దశమభాగముతో ఒక గొప్ప కంచు పాత్ర చేయించి తమ దేవత గుడిలో పెట్టిరి. అన్యులు సహితము లాభములో పదియవవంతును తీసి ఉంచిరని మనము గమనింపవలెను.

రాళ్లు కూడ సాక్ష్యమిచ్చుచున్నవి. ఇటలీకి పడమట నున్న సార్డీనియా ద్వీపములో నోరా అను చోట 1773లో ఒక పాత రాయి దొరకెను. దానిమీద ఫెనీకయ అక్షరములున్నవి. అది క్రీ.పూ. 9వ శతాబ్దము లేక 8వ శతాబ్దపు ఆరంభమునకు చెందినదని ఎంచుచున్నారు. దాని మొదటి వరుసలోని అక్షరములను “తర్షీషులో” అని అనేకులు చదువుచున్నారు. అష్షూరు రాజైన ఏసర్హద్దోను క్రీ.పూ. 681 మొదలు 669 వరకు ఏలెను. ఇతని పేరు మన బైబిలులోను ఉన్నది. ఇతడు చెక్కించిన ఒక శాసనములో కుప్ర మొదలుకొని తర్షీషు వరకు సముద్రమధ్యమందున్న రాజులందరు తన పాదములకు మ్రొక్కిరని చెప్పుకొనెను. రాజుల గొప్పలు ఎట్లున్నను, తర్షీషు పడమటి సముద్రమున మిక్కిలి దూరపు చోటని ఆ శాసనము తెలుపుచున్నది.

ఇటీవలి సాక్ష్యము మరియొకటి కలదు. ఇశ్రాయేలు దేశములోను దాని సముద్రతీరములోను పూర్వులు కుండలలో దాచిన వెండి ముక్కలు త్రవ్వకములలో దొరకినవి. వెండిలో మిగిలియుండు సీసమును పరీక్షించి అది ఏ గనిదో తెలిసికొను విద్య ఇప్పుడు కలదు. అట్లు పరీక్షించి 2019లో ప్రకటించిన దానినిబట్టి, ఆ వెండిలో కొంత సార్డీనియా గనులదనియు, క్రీ.పూ. 9వ శతాబ్దము నాటికి కొంత స్పెయిను గనులదనియు తేలెను. యెహెజ్కేలు చెప్పిన తర్షీషు వెండి వట్టి మాట కాదు.

పేరు ఎట్లు పుట్టెను?

తర్షీషు అను పేరునకు మూలార్థమేమి? దీనిని గూర్చి రెండు మతములు ముఖ్యముగా ఉన్నవి. మొదటిది, అది ఆ పడమటి దేశస్థులు తమ నేలకు పెట్టుకొన్న పేరనియు, ఫెనీకయులు తమ నోటికి తగినట్లు పలికిరనియు చెప్పుదురు. గ్రీకులు తార్తెస్సోసు అనినదియు హెబ్రీయులు తర్షీషు అనినదియు ఒక్క పేరే యని వారి అభిప్రాయము. రెండవది, అమెరికా పండితుడైన ఆల్‌బ్రైట్ 1941లో వ్రాసినది. ఆ పేరు లోహములను కరగించుట అను అర్థము గల పాత సెమీయ ధాతువునుండి వచ్చినదనియు, గనులుండి కొలుములు మండు ఏ ఊరికైనను తర్షీషు అనిరనియు, ఆ లోహములను మోయు ఓడలే తర్షీషు ఓడలనియు ఆయన చెప్పెను. ఇది నిజమైనయెడల సార్డీనియాలో ఒక తర్షీషును, స్పెయినులో ఒక తర్షీషును ఉండవచ్చును.

ఈ రెండింటిలో ఏది సరియో పండితులు ఇంకను వాదించుకొనుచున్నారు. అయితే ఒక సంగతిలో వారికి పెద్ద భేదము లేదు. తర్షీషు ఓడ యనగా తీరము వెంబడి తిరుగు చిన్న పడవ కాదు. బరువైన సరకు నింపుకొని నెలల తరబడి సముద్రముమీద పోగల గొప్ప వర్తకపు ఓడ.

ఆ ఓడ ఎట్లుండెను?

ఇశ్రాయేలీయులు సముద్రపు జనులు కారు. వారు కొండలలో గొఱ్ఱెలను మేపి, లోయలలో గోధుమలు విత్తినవారు. సముద్రమును ఎరిగినవారు వారికి ఉత్తరమున తూరు, సీదోను పట్టణముల వారు. వీరినే గ్రీకులు ఫెనీకయులనిరి. తూరువారు స్పెయిను తీరమున గాదిరు అను పట్టణమును కట్టిరి; అది నేటికిని కాదిసు అను పేరుతో నిలిచియున్నది. సొలొమోను ఓడలు కట్టించినప్పుడు సముద్రప్రయాణము తెలిసిన నావికులను పంపినది తూరు రాజైన హీరాము.

ఫెనీకయుల ఓడను యెహెజ్కేలు మనకు పలకవెంట పలకగా చూపుచున్నాడు. పలకలు సరళ వృక్షపువి. తెరచాప కొయ్య లెబానోను దేవదారు. తెడ్లు బాషాను సింధూరపువి. తెరచాప ఐగుప్తు నారబట్ట. ఒక ఓడకు ఇన్ని దేశముల సరకు కావలసివచ్చెను. 19వ శతాబ్దమున లేయార్డు అను ఇంగ్లీషువాడు నీనెవె దిబ్బలను త్రవ్వించినప్పుడు, సన్హెరీబు రాజు నగరి గోడలమీద తూరు ఓడల బొమ్మలు కనబడెను. వాటిలో కొన్నిటికి ముందుభాగము కొమ్మువలె వాడిగా నుండెను. అవి యుద్ధపు ఓడలు. కొన్నిటికి రెండు కొనలును గుండ్రముగా నుండెను. అవి మనుష్యులను, సరకులను మోయునవి.

యోనా గ్రంథములో ఒక చిన్న విశేషము కలదు. అతడు ఎక్కిన దానిని మొదట సాధారణమైన మాటతో “ఒనియ్యా” అనిరి. అతడు దిగువభాగమునకు పోయి నిద్రించిన చోట మాత్రము “సెఫీనా” అను మాట వాడిరి. పాత నిబంధన అంతటిలో ఈ మాట అక్కడ ఒక్కచోటనే వచ్చును. కప్పు వేయుట అను అర్థముగల ధాతువునుండి అది పుట్టినది. అనగా పైన బల్లలు పరచి కప్పిన ఓడ. కప్పు ఉన్నది గనుకనే క్రింద సరకులుండెను, సరకుల నడుమ పరుండి నిద్రించుటకు చోటుండెను. మన సువార్తలలోని గలిలయ దోనెకును దీనికిని ఎంత భేదమో చూడుడి.

1999లో శాస్త్రజ్ఞులు అష్కెలోనునకు ఎదురుగా నడిసముద్రములో, సుమారు 400 మీటర్ల లోతున మునిగియున్న రెండు ఫెనీకయ ఓడలను పరీక్షించిరి. అవి క్రీ.పూ. 8వ శతాబ్దపువి. ఒక్కొక్కటి 14 మీటర్లకు అటు ఇటు పొడవు గలది. కొయ్య చాలవరకు పోయినది గాని, వందలకొలది ద్రాక్షారసపు జాడీలు నింపిన వరుసలలోనే నిలిచియున్నవి. యెషయా, యోనా ప్రవక్తల కాలమునకు దగ్గరి ఓడలివి. వంట చేసికొనిన కుండలు, ధూపము వేయు పాత్ర కూడ వాటిలో దొరకినవి. ఆ నావికులు కూడ తుపానులో తమ తమ దేవతలకు మొఱ్ఱపెట్టియుందురు.

చోటు పేరు ఓడ పేరైన విధము

ఇప్పుడు మన బందరు బస్సు సంగతికి వత్తము. మొదట తర్షీషునకు పోవు ఓడను తర్షీషు ఓడ అనిరి. అంత దూరము పోవలెనన్న అది పెద్దదిగాను బలమైనదిగాను ఉండవలెను. కొంతకాలమునకు అటువంటి కట్టడము గల ఓడ ఏ దిక్కునకు పోయినను తర్షీషు ఓడ అనుట అలవాటాయెను. మన ఇండ్లలో ఉప్మాకు వాడు బొంబాయి రవ్వ బొంబాయినుండియే రావలెనా? మన ఊరి మరలో ఆడించినను అది బొంబాయి రవ్వయే. చోటు పేరు వస్తువునకు అంటుకొనినది.

ఓడలలోనే ఇందుకు మంచి సాదృశ్యము కలదు. 1611లో ఇంగ్లీషువారు మచిలీపట్నములో వర్తకశాల పెట్టిరి. ఆ కాలము మొదలుకొని రెండు వందల ఏండ్లకు పైగా మన దేశముతో వర్తకము చేసిన ఐరోపా పెద్ద ఓడలకు “ఇండియామన్” అని పేరు. కాని ఆ ఇండియామన్ ఓడలలో అనేకము తేయాకు కొరకు చీనా దేశమునకు పోయినవి. చీనాకు పోయినంత మాత్రమున వాటి పేరు మారలేదు. 1793లో విలియం కేరీ దొర కంపెనీవారి సెలవు దొరకక, డెన్మార్కువారి ఇండియామన్ ఎక్కి బంగాళమునకు వచ్చెను. అటువంటి ఓడల మీదనే మన దేశమునకు సువార్తికులు కూడ వచ్చిరి.

కాబట్టి ఆ యౌవనస్థుని ప్రశ్నకు బదులిది. రాజుల గ్రంథములో యెహోషాపాతు ఓఫీరునకు పోవుటకు తర్షీషు ఓడలు కట్టించెననగా, దూరప్రయాణమునకు తగిన గొప్ప ఓడలు కట్టించెనని భావము. చీనాకు పోయిన ఇండియామన్ వంటిదే ఓఫీరునకు పోవు తర్షీషు ఓడ. దినవృత్తాంతముల గ్రంథము బబులోను చెర తరువాత, యెహోషాపాతు కాలమునకు నాలుగు వందల ఏండ్లకు పైగా గడచిన మీదట వ్రాయబడినది. ఆ కాలమున యూదులకు ఎఱ్ఱ సముద్రముమీద ఓడలు లేవు. పాత మాటను తనవారికి తెలియునట్లు విప్పి చెప్పుచు, ఆ గ్రంథకర్త “తర్షీషునకు పోవు ఓడలు” అని వ్రాసెనని పండితులు అనేకులు తలంచుచున్నారు. బందరు బస్సు అనగా నేమని అడిగిన పరదేశికి మనము “బందరునకు పోవు బస్సు” అని చెప్పినట్లే ఇది. ఓడలు కట్టిన చోటు ఎసోన్గెబెరు అనియు, అవి అక్కడనే బద్దలైపోయెననియు, ప్రయాణము సాగలేదనియు రెండు గ్రంథములును ఏకముగా చెప్పుచున్నవి.

మన తెలుగువారికి ఇంపైన సంగతి ఇంకొకటి ఇక్కడ చెప్పవలెను. సొలొమోను తర్షీషు ఓడలు మూడేండ్లకొకమారు బంగారము, వెండి, దంతము, కోతులు, నెమళ్లు తెచ్చుచుండెను. నెమళ్లకు అక్కడ హెబ్రీలో “తుక్కియ్యీము” అను మాట యున్నది. తిరునెల్వేలి సీమలో సువార్త సేవచేసిన రాబర్టు కాల్డ్వెల్ దొర 1856లో ద్రావిడ భాషలను గూర్చి గొప్ప గ్రంథము ప్రకటించెను. ఈ హెబ్రీ మాట తమిళములోని “తోకై” అను మాటయే యని ఆయన చూపెను. తోకై యనగా నెమలి పింఛము, నెమలి. మన “తోక” ఆ మాటకు తోబుట్టువు. ఈ పోలికను ఒప్పుకొననివారును ఉన్నారు. అయినను నెమలి మన దేశపు పక్షియే గదా. యెరూషలేము రాజనగరిలో నెమలి అరచినదనగా, తూర్పు సముద్రమును దాటి వచ్చిన ఓడ ఏదో దానిని మోసి తెచ్చియుండవలెను.

ఓడ పేరు, మన పేరు

చదువరులారా, మాట యొక్క చరిత్ర తెలిసిన పిమ్మట ప్రవక్తల వాక్యములు మరింత తేటపడును. యెషయా 2వ అధ్యాయములో గర్వించిన ప్రతిదానిమీదికి ప్రభువు దినము వచ్చునని చెప్పుచు, ఎత్తైన దేవదారులను, ఉన్నత పర్వతములను, కోటలను, తర్షీషు ఓడలను ఒక్క వరుసలో చేర్చెను. ఆ కాలమున మనుష్యుని చేతిపనులలో తర్షీషు ఓడకు మించిన గొప్పది అరుదు. ధనికుల లాభము దానిలో, రాజుల అతిశయము దానిలో. కీర్తనకారుడు దేవుని తూర్పుగాలికి అవి పగిలిపోవునని పాడెను. తూరు గతి అట్లే ఆయెను. నెబుకద్నెజరు దానిని పదమూడేండ్లు ముట్టడించెను. క్రీ.పూ. 332లో అలెగ్జాండరు సముద్రములో కట్ట వేయించి ఏడు నెలల ముట్టడితో ఆ ద్వీపపు పట్టణమును పట్టుకొనెను. అయితే యెషయా 60వ అధ్యాయములో అవే తర్షీషు ఓడలు దూరమందున్న పిల్లలను ఇంటికి మోసికొని వచ్చుచున్నవి. గర్వమునకు గుర్తైన ఓడయే దేవుని చేతిలో సేవకు వచ్చినది.

మనము చూచిన మూడు ప్రయాణములను మరల జ్ఞాపకము చేసికొందము. సొలొమోను తర్షీషు ఓడలు పోయి వచ్చినవి. యెహోషాపాతు తర్షీషు ఓడలకు అదే పేరు, అదే కట్టడము; కాని రేవు దాటకమునుపే పగిలినవి. దుష్టుడైన అహజ్యాతో పొత్తు కలిపినందున ఇట్లాయెనని ఎలీయెజెరు ప్రవక్త ముందే చెప్పియుండెను. యోనా ఎక్కినది నిజముగా తర్షీషునకే పోవు ఓడ. ఓడలో లోపము లేదు, నావికులలో లోపము లేదు, కేవు కూడ చెల్లించెను. ఎక్కినవాడు మాత్రము దేవుడు చెప్పిన దిక్కునకు వీపు త్రిప్పియుండెను.

అంతియొకయలో శిష్యులకు మొట్టమొదట క్రైస్తవులని పేరు పెట్టబడినది. అది కూడ మనము ఎవరిని వెంబడించి ఎక్కడికి పోవుచున్నామో దానినిబట్టి వచ్చిన పేరే. మన మందిరపు గోడమీద ఆ పేరున్నది, మన పిల్లల పేర్లలో ఉన్నది, సంఘపు రిజిస్టరులో ఉన్నది. మంచిదే. అయితే ఎసోన్గెబెరు రేవులో పగిలిన ఓడలకు కూడ తర్షీషు ఓడలనియే పేరు. వాటి పేరు పగులలేదు, ప్రయాణము మాత్రము పోయినది. మనము రేవు విడిచితిమా? విడిచినయెడల ఏ దిక్కునకు పోవుచున్నాము? ఈ ప్రశ్న పండితుల గ్రంథములలో తేలునది కాదు. ఎవరికి వారు మోకాళ్లమీద తేల్చుకొనవలెను.

నన్ను ప్రశ్న అడిగిన యౌవనస్థుడు ఇదంతయు విని, “అయితే నన్ను ఎగతాళి చేసినవానికి రేపు చెప్పెదను” అనెను. “చెప్పుము, గాని గెలిచినట్లు చెప్పకుము, తెలిసికొన్నట్లు చెప్పుము” అంటిని. మీకును అదే మాట చెప్పుచున్నాను. ఈ వారము యోనా గ్రంథమును, రాజుల మొదటి గ్రంథము 22వ అధ్యాయమును ఇంటిల్లిపాది కూర్చుండి చదువుడి. ఓడ అను మాట వచ్చినచోట ఒక్క నిమిషము ఆగుడి. పిల్లలు అడుగుదురు, వారికి బందరు బస్సు సంగతి చెప్పుడి.